తప్పు మనదా? యంత్రానిదా?

పోయిన వేసవిలో మా ఇంట్లో కంప్యూటరు మొండికేసింది. కథ సగం టైపు చేశానో లేదో, ఉన్నట్టుండి తెర నీలంగా మారిపోయి ఏవో అక్షరాలు కనబడేవి. ఒక్కోసారి అదీ ఉండదు, టప్పున ఆరిపోయేది. మా అబ్బాయి ఇంజనీరింగు రెండో ఏడు. అమ్మా, నువ్వే ఏదో నొక్కేసి ఉంటావు అన్నాడు. మా వారిదీ అదే మాట. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. మిక్సీ కాలినా, గీజరు పనిచేయకపోయినా ముందుగా ఇంట్లో ఆడవాళ్ల చెయ్యే కదండీ అందరికీ గుర్తొచ్చేది! రిపేరు షాపుకి పట్టుకెళితే, మూత కూడా సరిగ్గా తీయకుండానే మదర్‌బోర్డు పోయిందన్నాడు. వేలల్లో లెక్క చెప్పాడు.

ఆ వారంలోనే గ్రేస్ హాపర్ జీవితం గురించి చదవడం తటస్థించింది. అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ దాకా ఎదిగిన గణితం పంతులమ్మ ఆవిడ. కంప్యూటరుకి మాటలు నేర్పిన తల్లి అని ఆవిడను పొగుడుతుంటారు. కానీ నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం అంతకుముందు సంగతి. గది అంత పొడుగు యంత్రం ఆగిపోతే, తప్పు నాదా దీనిదా అని పట్టుగా తేల్చుకున్న మనిషి ఆవిడ.

గ్రేస్ 1906 డిసెంబరు 9న న్యూయార్క్ నగరంలో పుట్టింది. ముగ్గురు పిల్లల్లో పెద్దది. తండ్రి బీమా వ్యాపారంలో ఉండేవాడు. తల్లికి లెక్కలంటే ప్రాణం. అయితే ఆ కాలంలో ఆడపిల్లకి జామెట్రీ వరకే, ఆపైన వద్దన్నారు. తాతగారు నగరంలో సివిల్ ఇంజనీరు. వీధుల కొలతలకి వెళ్లేటప్పుడు మనవరాలిని వెంట తీసుకెళ్లి, కొలత కర్ర పట్టుకోమనేవాడట.

వేసవిలో న్యూహాంప్‌షైర్‌లోని వాళ్ల విడిది ఇంటికి వెళ్లేవారు. అక్కడ ఒక్కో గదిలో ఒక్కో అలారం గడియారం ఉండేది. ఏడేళ్ల గ్రేస్‌కి అది ఎలా మోగుతుందో చూడాలనిపించింది. ఒకటి విప్పింది. మళ్లీ బిగించడం రాలేదు. సరే, ఇంకోటి చూస్తే తెలుస్తుంది కదా అని రెండోది విప్పింది. తల్లి చూసేసరికి ఏడు గడియారాలూ ముక్కలై ఉన్నాయి. ఆవిడ వీపు మోగించలేదు. ఇక మీదట ఒక్క గడియారం మాత్రం నీది, దాన్ని ఏమైనా చేసుకో అంది. తల్లి గొప్పతనం నాకు ఇక్కడే కనబడింది. మనమైతే స్క్రూడ్రైవరు ముందు దాచేస్తాం.

తండ్రికి రక్తనాళాల జబ్బు చేసి రెండు కాళ్లూ తీసేశారు. కృత్రిమ కాళ్లతోనే ఆఫీసుకి వెళ్లొచ్చేవాడు. తాను లేకపోయినా ఆడపిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడాలని, కొడుకుతో సమానంగా చదివించాడు. గ్రేస్ లాటిన్‌లో తప్పి కాలేజీకి ఒక ఏడాది ఆలస్యంగా వెళ్లింది. 1928లో వాసర్ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం పూర్తిచేసి, 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేటు తీసుకుంది. మధ్యలో 1930లో విన్సెంట్ హాపర్ అనే అధ్యాపకుడితో పెళ్లయింది. వాసర్‌లోనే లెక్కలు చెప్పేది. ఆ పెళ్లి నిలవలేదు, 1945లో విడాకులయ్యాయి. పిల్లలు లేరు. ఇంటిపేరు మాత్రం హాపర్‌గానే ఉంచేసుకుంది. ఆ తర్వాత మరి పెళ్లి చేసుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. గ్రేస్ నౌకాదళంలో చేరతానంది. వయసు ఎక్కువన్నారు. బరువు చాలదన్నారు. కావలసిన బరువు 54 కిలోలు, ఆవిడ ఉన్నది 47 కిలోలు. పైగా లెక్కల ప్రొఫెసరు దేశానికి ఉన్నచోటే అవసరం అన్నారు. అయినా వదల్లేదు. ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకుని 1943 డిసెంబరులో చేరిపోయింది. అప్పటికి ముప్పయ్యేడేళ్లు. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లతో కలిసి కవాతు చేసి, శిక్షణలో మొదటి స్థానంలో నిలిచింది. ఓడ ఎక్కిస్తారేమో అనుకుంటే, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక భవనం అడుగు అంతస్తుకి పొమ్మన్నారు.

1944 జులై 2న వెళ్లింది. ఎదురుగా 51 అడుగుల పొడుగు, 8 అడుగుల ఎత్తు, సుమారు 5 టన్నుల బరువున్న యంత్రం గలగలమని తిరుగుతోంది. అదే మార్క్ వన్. మన మాటల్లో చెప్పాలంటే మన హాలూ, వంటిల్లూ, పక్కవాళ్ల హాలూ కలిపినా పట్టనంత పొడుగు. దాని యజమాని లాంటి వాడు కమాండర్ హోవార్డ్ ఐకెన్, మహా కోపిష్టి. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని గద్దించి, వారంలో దీని పని నేర్చుకుని ఫలానా పట్టిక లెక్కలు చేసి పెట్టమన్నాడు. అక్కడ అప్పటికే ఉన్న కుర్రాళ్లిద్దరు, తల నెరిసిన పంతులమ్మ వస్తోందట, ఆవిడ పక్క బల్ల నాకొద్దంటే నాకొద్దని ఒకరికొకరు లంచాలు ఇచ్చుకున్నారని ఆవిడే తర్వాత నవ్వుతూ చెప్పేది.

ఇప్పటి కంప్యూటరులా దానికి తెర లేదు, మీటల పలక లేదు. ఏం చేయాలో పొడుగాటి కాగితం పట్టీ మీద చిల్లులు పొడిచి ఇచ్చేవారు. లోపల అంకెల చక్రాలు తిరిగేవి. చక్రం ఏ అంకె దగ్గర ఉందో బ్రష్షులు తాకి తెలుసుకునేవి. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్షులు ఉంటాయి చూడండి, అరిగితే మిరుగులు వస్తాయి, అలాంటివే. ఇవి కాక మూడు వేల పైచిలుకు రిలేలు. రిలే అంటే తనంతట తాను పడి లేచే చిన్న స్విచ్చి. తీగచుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై ఒక రేకును లాగుతుంది, రెండు మొనలు కలుస్తాయి. కరెంటు ఆగితే విడిపోతాయి. ఆ రెండు మొనల మధ్య కాస్త మసి పేరుకున్నా, నలుసు పడ్డా ఇక అంతే! కాలింగ్ బెల్ స్విచ్చిలో చీమలు చేరితే బెల్లు మోగక చుట్టాలు గుమ్మంలో నిలబడిపోరూ? అదే తీరు.

కలుపు చిటికెలో అయినా, గుణకారం ఒక్కటి చేయడానికి దానికి ఆరు సెకన్ల దాకా పట్టేది. అందుకే రాత్రనక పగలనక 24 గంటలూ నడిపేవారు. గ్రేస్ బల్ల మీదే తల వాల్చి కునుకు తీసేది. యంత్రం చప్పుడు మారితే చాలు, మెలకువ వచ్చేసేది. పొయ్యి మీద పాలు పొంగే చప్పుడు మనకి ఎలా వినబడుతుందో అలాగన్నమాట.

యంత్రం ఆగినా, వచ్చిన జవాబు అనుమానంగా ఉన్నా, మొదటి ప్రశ్న ఒక్కటే. తప్పు కాగితం పట్టీలో ఉందా, యంత్రంలో ఉందా? పట్టీ తప్పయితే మనం చేసిన తప్పు. దాన్ని ఎన్నిసార్లు వేసినా అదే చోట అదే తప్పు వస్తుంది. యంత్రం తప్పయితే అలా కాదు. ఒకసారి సరిగ్గా వస్తుంది, ఇంకోసారి రాదు. పొద్దున బాగుంటుంది, వేడెక్కాక చెడుతుంది. కాబట్టి జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి ఇచ్చి చూడాలి. అదీ తప్పు చెబితే ఇక మూత తీయాల్సిందే. అంతా ఒకేసారి విప్పకుండా ఒక్కో భాగాన్నే పరీక్ష పెట్టుకుంటూ పోవాలి.

అలా వెతికేటప్పుడు ఒక్కోసారి గదిలో దీపాలు ఆర్పేసేవారు. గ్రేస్ తన హ్యాండ్‌బ్యాగులోంచి పౌడరు డబ్బా అద్దం తీసి యంత్రం సందుల్లోకి పెట్టి చూసేది. చీకట్లో ఎక్కడ మిరుగు కనబడితే అక్కడ ఉంది జబ్బు. ముఖం చూసుకునే అద్దంతో యంత్రం లోపలి జబ్బు వెతికిన ఆ దృశ్యం ఊహించుకుంటే నాకు భలే ముచ్చటేసింది.

ఆ లెక్కలు దేనికోసమో వాళ్లకి అన్నిసార్లూ చెప్పేవారు కాదు. 1944 ఆగస్టులో జాన్ వాన్ నాయ్‌మన్ అనే మహా గణితవేత్త ఒక సమస్య తెచ్చాడు. లోపలికి కుంగే పేలుడు లెక్క. నెలల తరబడి చేశారు. మరుసటి ఏడాది ఆగస్టులో నాగసాకి మీద బాంబు పడ్డాక గానీ ఆ లెక్క దేనికి పనికొచ్చిందో తెలియలేదు. యుద్ధకాలంలో ఆజ్ఞ ప్రకారం చేసిన పని. అయినా ఆవిడ జీవితం చెప్పుకుంటూ ఈ సంగతి దాటేయడం నాకు ఇష్టం లేకపోయింది.

యంత్రం గురించి పుస్తకం రాయమని ఐకెన్ ఆజ్ఞాపించాడు. నాకు పుస్తకం రాయడం రాదంది గ్రేస్. నువ్విప్పుడు నౌకాదళంలో ఉన్నావు, రాయాల్సిందే అన్నాడాయన. రోజూ రాసినవి రోజూ చదివి వినిపించాలి. అలా 1946లో 561 పేజీల పుస్తకం వచ్చింది. కంప్యూటరు ఎలా నడపాలో చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ఇంతకీ పురుగు కథ చెప్పలేదు కదూ! కంప్యూటరులో తప్పుని బగ్ అంటారు, అంటే పురుగు. మార్క్ వన్ తర్వాత నౌకాదళం కోసం మార్క్ టూ కట్టారు. దాన్ని మొదటి ప్రపంచ యుద్ధం నాటి తాత్కాలిక కట్టడంలో పరీక్షించేవారు. ఏసీ లేదు. ఉక్కకి కిటికీలు తెరిచిపెట్టేవారు. రాత్రిళ్లు దీపాల వెలుతురుకి పురుగులు లోపలికి వచ్చేసేవి. మన ఇళ్లలో వానాకాలం ఉసుళ్లు రావూ, అలాగే.

1947 సెప్టెంబరు 9. ఉదయం 11 గంటలకి కొసైన్ పట్టీ వేసినట్టు, మధ్యాహ్నం 3 గంటల 25 నిమిషాలకి గుణకారం, కూడిక భాగాల పరీక్ష మొదలుపెట్టినట్టు అక్కడి దినచర్య పుస్తకంలో రాసి ఉంది. ఇరవై నిమిషాల్లో దొంగ దొరికింది. ఎఫ్ అనే పలకలో 70వ నంబరు రిలే. దాని మొనల మధ్య నలిగి చచ్చిన చిమ్మటపురుగు! పట్టకారుతో తీసి, ఆ పుస్తకంలోనే టేపు వేసి అంటించి, నిజంగా పురుగు దొరికిన మొదటి సందర్భం ఇదేనని పక్కన రాశారు. నాలుగున్నరకి మళ్లీ యంత్రం నడిచింది. అయిదింటికి కట్టేసి ఇళ్లకి వెళ్లారు.

దాన్ని పట్టింది గ్రేస్ హాపర్ అని చాలా చోట్ల రాస్తారు. కాదు, అక్కడి ఆపరేటర్లు పట్టారు. ఆ సంగతి ఆవిడా దాచలేదు. యంత్రంలో చిక్కుని పురుగు అనడం కూడా అప్పటికి పాతమాటే, ఎడిసన్ కాలం నుంచీ ఉంది. అందుకే వాళ్ల హాస్యం అంత బాగా పండింది. అయితే ఆ కథని ఊరూరా చెప్పి లోకానికి ఎక్కించింది మాత్రం ఆవిడే. ఆ పేజీ ఇప్పటికీ, పురుగుతో సహా, వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియంలో భద్రంగా ఉంది.

నాకు పురుగు కన్నా ఆ పుస్తకం ముఖ్యమనిపించింది. ఎన్నింటికి ఏం చేశాం, ఎన్నింటికి ఆగింది, అంతా రాసి ఉంది. ఎవరు చెడగొట్టారన్నది మాత్రం లేదు. నేనూ పాలపద్దు పుస్తకం వెనక పేజీలో మొదలుపెట్టాను. కంప్యూటరు ఎన్నింటికి పెట్టాను, ఎన్నింటికి ఆరిపోయింది, అప్పుడు ఏం చేస్తున్నాను. తొమ్మిది రోజులు రాసేసరికి విషయం కళ్లకు కట్టినట్టు కనబడింది. టైపు చేస్తున్నా, పాటలు వింటున్నా, ఊరికే వదిలేసినా ఆరిపోతోంది. అంటే నా చేతి తప్పు కాదు. పొద్దున పెడితే గంటన్నర, మిట్టమధ్యాహ్నం పెడితే అరగంట. అంటే వేడికి! ప్లగ్గు పీకేసి, అబ్బాయి చేత పక్క మూత తీయించాను. కరెంటు వచ్చే డబ్బా జోలికి మాత్రం పోవద్దన్నాను, అది మనం విప్పకూడదు. లోపల చల్లబరిచే చిన్న ఫ్యాను రెక్కల మధ్య, దాని కింద రేకుల సందుల్లో, దుమ్ము పాత బొంతలో దూదిలా పేరుకుపోయింది. పెయింటు బ్రష్షుతో మెల్లగా దులిపాం. మదర్‌బోర్డుకి ఏమీ కాలేదు. ఈ వ్యాసమూ దాని మీదే టైపు చేస్తున్నాను. మా అబ్బాయి ఆ పేజీ చింపి దాచుకున్నాడు.

సరే, గ్రేస్ దగ్గరికి వద్దాం. హార్వర్డ్‌లో ఆడవాళ్లకి స్థిరమైన పదవి దక్కే కాలం కాదది. గడువు అయిపోగానే 1949లో ఫిలడెల్ఫియాలో కొత్తగా కంప్యూటర్లు తయారుచేస్తున్న కంపెనీలో చేరింది. ఆ రోజులు ఆవిడకి చాలా చెడ్డవి. యుద్ధకాలపు ఒత్తిడిలో మొదలైన తాగుడు ముదిరింది. ఆ ఏడాదే ఒక రాత్రి తాగి గొడవ చేసిందని పోలీసులు పట్టుకున్నారు కూడా. స్నేహితులు మొహమాటపడకుండా మందలించారు. మహామహుల జీవితాల్లో ఈ పేజీలు చింపేస్తుంటారు. నాకైతే ఇది చదివాకే ఆవిడ మరింత దగ్గరి మనిషిలా అనిపించింది. ఆ పరిస్థితిలోంచి లేచి, ఆవిడ పెద్ద పనులన్నీ ఆ తర్వాతే చేసింది.

అప్పుడే జరిగిన ఒక తమాషా. ఆఫీసులో ఒక యంత్రం కోసం ఎనిమిది అంకెల లెక్కలో పనిచేయాల్సి వచ్చింది. అంటే మనం తీసివేతలో పక్క స్థానం నుంచి పది అప్పు తెచ్చుకుంటే, అందులో ఎనిమిదే తెచ్చుకోవాలి. అలవాటు ఎంత ముదిరిందంటే, మూడు నెలలపాటు ఇంటి బ్యాంకు లెక్క ఎంతకీ కుదరలేదు. చివరికి బ్యాంకులో పనిచేసే తమ్ముడు వచ్చి కూర్చుని కూపీ లాగితే తేలింది, అక్కగారు చెక్కు పుస్తకంలో కూడా ఎనిమిదే అప్పు తెస్తోందని! పన్నెండులోంచి అయిదు తీస్తే అయిదు అని రాసుకుంటే ఎవరికి మాత్రం కుదురుతుంది?

యంత్రంలో తప్పులు వెతికి వెతికి, మనిషి చేతి తప్పులు ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా ఆవిడ గమనించింది. ఒకరు రాసిన లెక్కల తీరును మరొకరు తమ నోటు పుస్తకంలోకి ఎక్కించుకునేవారు. ఎక్కించేటప్పుడు డెల్టా గుర్తు 4 అయ్యేది, బి అక్షరం 13 అయ్యేది. మనిషి చేతికి నకలు దిద్దడం చేతకాదు, ఆ పని యంత్రానికే అప్పగిస్తే సరి అనుకుంది. 1952లో తొలి కంపైలర్ తయారుచేసింది. మనిషి పొట్టిగా చెప్పిన దాన్ని యంత్రం తానే కావలసిన ముక్కలు వెతికి, కూర్చి, తన భాషలోకి మార్చుకుంటుంది. కంప్యూటరు లెక్కలే చేస్తుంది, ఇలాంటివి చేయలేదని పెద్దపెద్దవాళ్లు తేల్చేశారు. పనిచేస్తూ ఎదురుగా ఉన్నా ముట్టుకునేవాళ్లు లేరు. తర్వాత మామూలు ఇంగ్లీషు మాటలతోనే యంత్రానికి పని చెప్పవచ్చంది. దానికీ నవ్వారు. ఆ దారిలోనే 1959లో కోబాల్ భాషకి పునాది పడింది. బ్యాంకుల లెక్కలు, జీతాల పట్టికలు దశాబ్దాలపాటు దానిమీదే నడిచాయి. మన తెలుగు పిల్లలు ఎంతోమంది 1990 దశకంలో కోబాల్ నేర్చుకుని, 2000 సంవత్సరపు తేదీల చిక్కు సరిచేసే పనులకి అమెరికా విమానం ఎక్కినవాళ్లే.

1966లో నౌకాదళం ఆవిడకి పదవీ విరమణ ఇచ్చింది. ఏడు నెలలు తిరక్కుండానే, ఆరు నెలలకని మళ్లీ పిలిచింది. ఆ ఆరు నెలలు దాదాపు ఇరవై ఏళ్లు సాగాయి. అడ్మిరళ్లకి ఉపన్యాసాలు ఇచ్చేది. కబుర్లు ఉపగ్రహం మీదుగా వెళ్లడానికి అంత ఆలస్యమెందుకని వాళ్లు అడిగితే, అడుగు కంటే కాస్త పొట్టిగా కత్తిరించిన తీగముక్క చూపేది. సెకనులో వంద కోట్లో వంతులో కరెంటు పోగలిగిన దూరం అంతే. ఇక్కడికీ ఉపగ్రహానికీ మధ్య ఇలాంటి ముక్కలు ఎన్ని పడతాయో చూసుకోండి అనేది. సంచీ నిండా తీగముక్కలు పట్టుకెళ్లి పసుపు కుంకుమ పంచినట్టు పంచేది. ఆవిడ గదిలో గడియారం వెనక్కి తిరిగేది. కాసేపటికి దానిలో కూడా టైము చూడటం వచ్చేస్తుంది, కాబట్టి ఇంతకుముందు ఇలాగే చేశాం అన్న మాట కారణం కాదని ఆవిడ వాదన.

1986 ఆగస్టులో బోస్టన్ రేవులో పాతకాలపు యుద్ధనౌక మీద ఆవిడ చివరిసారిగా వీడ్కోలు తీసుకుంది. వయసు 79. అప్పటికి దళంలో పనిచేస్తున్న వాళ్లందరిలోకీ పెద్దది. ఇంటికెళ్లి కూర్చుందా? ఒక కంప్యూటర్ కంపెనీలో సలహాదారుగా చేరింది. 1992 జనవరి 1న నిద్రలోనే కన్నుమూసింది. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో గౌరవాలతో ఖననం చేశారు. 2016లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం ఆవిడ పేరున ఇచ్చారు.

1997లో అమెరికా నౌకాదళం హాపర్ అనే పేరున్న ఒక యుద్ధనౌకని సేవలోకి తీసుకుంది. వరసలో ఆ నౌకకి వచ్చిన నంబరు 70. చిమ్మటపురుగు దొరికిన రిలే నంబరూ అదే!